సూది ఆగిన చోటు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక నవలను చంకన పెట్టుకుని సికింద్రాబాదు నుంచి బెజవాడ వెళ్ళి వచ్చాను. మూడు రోజుల ప్రయాణం. ఇప్పుడా దారిలో మంచి రైళ్ళున్నాయి, నిజమే. అయినా పదిహేనేళ్ళ పిల్లల కోసం ఏదో రాసి, దాన్ని అచ్చు వేయించాలని ఇల్లు కదిలే అమ్మాయిలు ఇవాళ్టికీ ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోతే రైలు టైములు వదిలేసి మిగతాది చదువుకోండి.

ముందు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. బోయిగూడలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మిషన్ ఆడపిల్లల బడి ఉండేది. అందులో నేను తెలుగు చెప్పేదాన్ని. శనివారం మధ్యాహ్నం కుట్టు క్లాసు కూడా నా నెత్తినే పడింది. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు ముప్పై ఒక్కరు, రెండు గంటలసేపు దిండు గలేబుల మీద పువ్వులూ చిలుకలూ కుట్టాలి. చేతులకు పని ఉంది, చెవులకు లేదు. అందుకని కథ చదివి వినిపిద్దామనుకున్నాను. బడి బీరువా తెరిస్తే ఒక అరలో నక్కా కొంగా కథలు, ఇంకో అరలో నాకే ఆవులింతలు తెప్పించే పెద్దల పుస్తకాలు. మధ్య వయసు పిల్లలకని ఒక్కటీ లేదు. ఒళ్ళు మండి నేనే రాయడం మొదలుపెట్టాను. వారానికొక అధ్యాయం.

నా పద్ధతి ఒకటుంది, అదీ చెప్పేస్తాను. చదివేటప్పుడు పిల్లల మొహాలు చూసేదాన్ని కాదు. టీచరు చూస్తోందంటే ఎవరైనా వింటున్నట్టే మొహం పెడతారు. చేతులు చూసేదాన్ని. సూదులు ఆగితే కథ నడుస్తున్నట్టు. సూదులు ఆడుతూనే ఉంటే ఆ పేజీ ఇంటికెళ్ళి కొట్టేయాల్సిందే. ఆగిన చోట కాగితం అంచున ఎర్ర దారంతో ఒక చిన్న కుట్టు వేసుకునేదాన్ని.

అలా పన్నెండు అధ్యాయాలయ్యాయి. సుగుణ అనే పద్నాలుగేళ్ళ పిల్ల, రైలు కట్ట పక్కన ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కూతురు. కట్ట అవతల జైనబ్ అని ఆమె స్నేహితురాలు. రజాకార్లు వీధుల్లో తిరిగిన రోజుల్లో జైనబ్ వాళ్ళ నానమ్మ సుగుణను తన ఇంట్లో దాస్తుంది. మిలిటరీ వచ్చాక రోజులు తిరగబడతాయి. జైనబ్ వాళ్ళు భయంతో తలుపు తీయకుండా ఆకలితో ఉంటే, సుగుణ తండ్రికి అబద్ధం చెప్పి, కట్ట దాటి, జొన్నరొట్టెలు ఇచ్చి వస్తుంది. అది పదకొండో అధ్యాయం. అది చదివిన శనివారం క్లాసులో ఒక్క సూదీ కదలలేదు.

అప్పుడే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. అచ్చు కాని రాతలు బడిలో చదవకూడదన్నారు. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "వేసవి సెలవుల్లోపు అచ్చు పుస్తకం నా బల్ల మీద పెట్టు, అప్పుడు చదువుకో. లేదంటే శనివారాలు బైబిల్ వాక్యాలు వల్లె వేయించు," అంది. సెలవులయ్యాక క్లాసులో సగం మంది తిరిగి రారని మా ఇద్దరికీ తెలుసు. కొందరికి పెళ్ళిళ్ళు, కొందరి నాన్నలకు బదిలీలు. చివరి అధ్యాయం వాళ్ళింకా వినలేదు.

బోయిగూడ కమాన్ తోరణం దగ్గర యాదగిరి అని ఒకాయనకు చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్ళి కార్డులూ, చర్చిల పాటల కాగితాలూ వేసేవాడు. ముందు అతన్నే అడిగాను. "అచ్చు కొడత టీచరమ్మా, గదేం తక్లీఫ్ లేదు. గని కుట్టెటోడు లేడు. మా బైండింగాయన గడ్‌బడ్‌ల ఊరిడిసి పోయిండు, మళ్ళ రాలే. కుట్టని ఇడి కాగితాలు చేతిల పెడితే ఏం చేస్కుంటవ్?" అని చేతులెత్తేశాడు. ఇక బెజవాడే దిక్కయింది. అక్కడొక ప్రచురణకర్తకు పది అధ్యాయాలు పోస్టులో పంపితే, "బాగుంది, మిగతాది తీసుకుని రండి," అని ఆ కాగితాలు తిప్పి పంపుతూ కార్డు రాశారు. హెడ్మిస్ట్రెస్ మూడు రోజులు సెలవిచ్చింది.

రాతప్రతిని ఒక గలేబులో పెట్టుకున్నాను. ఖైరున్నీసా అని మా క్లాసు పిల్ల కుడుతూ సగంలో వదిలిన గలేబు అది. చిలుకకు ఒకటే రెక్క, రెండో రెక్క మొదలుపెట్టిన చోట సూది అలాగే గుచ్చి ఉంది. మిలిటరీ వచ్చిన తర్వాతి వారం నుంచి ఆ పిల్ల బడికి రాలేదు, క్లాసులో ముప్పై మందే మిగిలారు. ఇంటికి వెళ్ళి చూస్తే తాళం. ఔరంగాబాదు వైపు పోయారని ఒకరు, కరాచీ పోయారని ఒకరు అన్నారు. ఆ సూదిని నేను తీయలేదు.

ఉదయం ఆరు ఇరవైకి సికింద్రాబాదులో ప్యాసింజరు. అమ్మ స్టేషను దాకా వచ్చింది. "తోడు లేకుండ ఒక్కదానివే పోతున్నవ్. మంది ఏమనుకుంటరు?" అంది. "నవల రాసినప్పుడే అనుకున్నరుగదమ్మా, ఇప్పుడు కొత్తగేమనుకుంటరు?" అన్నాను. ప్రార్థన చేసి నా చేతిలో అటుకుల పొట్లం పెట్టింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా మొదటి సలహా, రాతప్రతిని పెట్టెలో పెట్టి పైన పడేయకండి. ఒడిలో పెట్టుకోండి. ఇంకో ప్రతి ఇంట్లో ఉంచి బయలుదేరండి. నేను అదేమీ చేయలేదు, ఉన్నది ఒక్కటే.

ఎనిమిదిన్నర ప్రాంతంలో భువనగిరి దాటాం. తొమ్మిదిన్నరకు జనగామలో ఒక తల్లీ కూతురూ ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. కూతురి పేరు కమల, పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. ఒడిలో పల్లికాయలు పోసుకుని వలుస్తూ కూర్చుంది. తల్లి నా మూట వైపు చూసి, "ఏముందమ్మా గండ్ల?" అంది.

"కథ. మీ బిడ్డ అసుంటి పిల్లలకే రాసిన. చదువమంటరా?"

"చదువు. పొద్దు పోవాలె గద."

పదకొండో అధ్యాయమే తీశాను. బెజవాడలో చదివి వినిపించాల్సింది అదే, నోరు తిరుగుతుందని. కాజీపేట వచ్చేలోపు సుగుణ రొట్టెలు కొంగున కట్టుకుని కట్ట ఎక్కింది. కమల వేళ్ళు ఆగాయి. వలిచిన పల్లికాయ వేళ్ళ మధ్యే ఉండిపోయింది. నేను చూసి లోపల్లోపల మురిసిపోతుండగా తల్లి పిల్ల ఒడిలోని పల్లికాయలన్నీ ఊడ్చి సంచిలో పోసేసింది.

"చాలు ఆపు తల్లీ. రజాకార్లు మా గడ్డివాములు కాలవెట్టిన్రు. నెలలకు నెలలు బెజవాడల రేకుల షెడ్డుల ఉన్నం. నువ్వేమో గాళ్ళ పిల్లకు రొట్టెలిస్తున్నవ్."

ఆమె పడ్డది నేను పడలేదు. కాగితాలు మూట కట్టేశాను. పదిన్నరకు కాజీపేట. బండి అక్కడ చాలాసేపు ఆగుతుంది. పూరీలు కొనుక్కుని తిన్నాను, వేడిగా ఉన్నాయి, కూర మాత్రం ఉత్త కారం. నిజాం రూపాయలు ఇక్కడే ఎవరి దగ్గరైనా మార్చుకోండి, బెజవాడలో ఎవరూ ముట్టుకోరు అని ఆ రోజుల్లో అయితే రాసేదాన్ని. ఇప్పుడు ఆ బాధ లేదు.

డోర్నకల్లు దాటేదాకా తల్లి పిల్లను తన వైపు తిప్పుకుని కూర్చుంది. మూడు గంటలకు ఖమ్మంలో దిగబోతూ సంచి భుజాన వేసుకుని నా పక్కన నిలబడింది. "మా ఇంటి పక్కన సుత ఒక పిల్ల ఉండె. మా కమలకు జతగత్తె. ఇప్పుడు ఆ ఇంటికి తాళమున్నది," అంది. దిగి ముందుకు నడిచింది. కమల మాత్రం దిగి కిటికీ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, తలుపు తీసిన్రా తియ్యలే?" అని అడిగింది. తీశారని చెప్పాను. బండి కదిలాక, సూదీ ఎర్ర దారమూ తీసి కమల వేళ్ళు ఆగిన చోట ఇంకో కుట్టు వేశాను.

నాలుగున్నరకు మధిర, తర్వాత ఎర్రుపాలెం. అప్పటికి రెండు రాజ్యాలు ఒకటైనా సరిహద్దులో సుంకం వాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు. తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన పెట్టెలోకి ఎక్కి నా మూట తట్టాడు.

"క్యా హై అమ్మా? బట్టలా?"

"నవల."

"అమ్మెటందుకా?"

"అమ్ముడుపోతే వచ్చేటప్పుడు చెప్త."

ఆయన నవ్వి దిగిపోయాడు. ఆరున్నరకు బెజవాడ. మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ముందే జాబు రాసుకున్నాను కాబట్టి మంచం దొరికింది. అన్నం, పప్పు, గోంగూర. గోంగూర విషయంలో ఈ ఊరివాళ్ళతో నాకు పేచీ లేదు.

మరునాడు తొమ్మిదింటికి ఏలూరు రోడ్డులో ఆ ప్రచురణకర్త కొట్టు చేరాను. పంతులు గారు పూజలో ఉన్నారు, కూర్చోమన్నారు. గంటసేపు కూర్చున్నాను. ఎదురుగా గదిలో ముగ్గురు మగవాళ్ళు నేల మీద కూర్చుని అచ్చయిన కాగితాలు కుడుతున్నారు. అచ్చు ఫారం తావును మధ్యకు మడవడం, మడతలో మూడు చోట్ల సూది దింపడం, దారం లాగి ముడి వేయడం. అంతే. సీతాఫల్‌మండి నుంచి వచ్చే మా క్లాసు పిల్ల శకుంతల అయితే కబుర్లు చెబుతూ చేస్తుంది ఈ పని, అనుకున్నాను. అనుకుని మరిచిపోయాను.

పంతులు గారు వచ్చారు. ఖద్దరు పంచె, నుదుట విభూతి, నెమ్మదైన మాట. ఆయన చెడ్డవాడు కాదు, చిక్కంతా అదే. కాఫీ తెప్పించి, చివరి రెండు అధ్యాయాలూ నా ఎదుటే చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, మీరు పంపిన పదీ పంచదారలా ఉన్నాయి. ఈ పదకొండోది ఎందుకమ్మా?"

"ఆ పదీ దీనికోసమే రాశానండీ."

"మీ వైపు నుంచి జనం ఎట్లా వచ్చిపడ్డారో నేను చూశాను. మా గోదాములోనే రెండు కుటుంబాలను పెట్టుకున్నాం. ఇప్పుడు సాయిబుల పిల్లకు రొట్టెలు మోసిన కథ అంటే ఎవరు కొంటారు? పైగా ఈ పిల్ల తండ్రికి అబద్ధం చెబుతుంది. చివర్లో తప్పయిందని కూడా అనదు. చదివిన పిల్లలు చెడిపోరూ?"

"ఇంట్లో ఒక్క అబద్ధమైనా చెప్పని పదిహేనేళ్ళ పిల్ల మీకు తెలుసాండీ?"

ఆయన గట్టిగా నవ్వారు. తర్వాత కాగితం అంచు తడిమి, "ఈ ఎర్ర దారాలేమిటి?" అన్నారు. చెప్పాను. "కుట్టు క్లాసు పిల్లలా మీకు విమర్శకులు?" అని మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదకొండో అధ్యాయం అంచున ఉన్న కుట్లన్నిటినీ ఆయన వేలు దాటుకుంటూ పోయింది. ఆయన తీసేయమంటున్నది సరిగ్గా ఆ పేజీలనే.

అప్పుడు అసలు మాట చెప్పారు. "పదకొండూ పన్నెండూ తీసేయండి. పిల్ల జెండా ఎగరేసి, తండ్రి కాళ్ళకు దణ్ణం పెట్టినట్టు నాలుగు పేజీలు రాసివ్వండి. పిల్లల నీతికథ అని వేసి, ఎండలు ముదరకముందే పుస్తకం మీ చేతిలో పెడతాను."

ఎండలు ముదరకముందే. నాకు కావాల్సింది అదే. ఒప్పుకుంటే పుస్తకం హెడ్మిస్ట్రెస్ బల్ల మీద ఉంటుంది, శనివారాలు నావి, పిల్లలు నా వాళ్ళు. ఆయన కలం మూత తీసి నా ముందు పెట్టారు. అబద్ధమెందుకు, నా చేయి కలం దాకా వెళ్ళింది. నాలుగు పేజీలు నాకొక లెక్కా? కానీ కాగితాలు తీసిన గలేబు పక్కనే పడి ఉంది, ఒంటి రెక్క చిలుక పైకి కనిపిస్తూ. ఆ పిల్లను ఊళ్ళోంచి ఎవరు పంపేశారో నాకు తెలియదు. కథలోంచి మాత్రం పంపేది నేనే అవుతాను.

"లేదండీ. వేస్తే మొత్తం వేయండి."

"మొండితనం పనికిరాదమ్మా. మీకింకా వయసుంది."

"నాకుందండీ. మా పిల్లలకే లేదు. వచ్చే ఏటికి ఈ కథ వినే వయసు దాటిపోతారు."

"అందుకేగా రెండు అధ్యాయాలు తీసేయమంటున్నాను."

"తీసేస్తే అడుగుతారండీ. 'టీచర్, గా రొట్టెల ముచ్చట ఏదీ?' అంటరు. ఏం చెప్పమంటరు?"

కావాలనే మా బోయిగూడ మాటలోకి దిగాను. ఆయన కలం మూత పెట్టేశారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు, ఎండ ముదురుతోంది జాగ్రత్త అని కూడా అన్నారు. హాస్టలుకు వచ్చి గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను. దాచడం దేనికి. గొప్పగా మాట్లాడి వచ్చానే గానీ, శనివారం పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు.

మూడో రోజు ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు తిరుగు రైలు. ఎనిమిదింటికి ఎర్రుపాలెంలో అదే తెల్ల మీసాలాయన ఎక్కాడు. నన్ను గుర్తుపట్టాడు. ఈసారి మూట విప్పి చూపించమన్నాడు, ఆయన పని ఆయనది.

"అమ్మలేదా?"

"లేదు."

"మరి గింత దూరం మోసి మళ్ళ వాపస్ తెచ్చినవా?"

"తెచ్చిన. మొత్తం తెచ్చిన. ఒక్క కాగితం సుత ఇడువలే."

ఆయన కాగితాలు చుట్టిన తాడు విప్పాడు గానీ, దాన్ని మళ్ళీ కట్టడం ఆయన వల్ల కాలేదు. బండి కదిలింది, ఆయన దిగిపోయాడు. మధిర దాటాక గాలి ఒక్కసారి కిటికీలోంచి కొట్టింది. కాగితాలు పెట్టె నిండా ఎగిరాయి. ఆడవాళ్ళందరూ లేచి పట్టుకున్నారు. ఒక ముసలవ్వ అయితే రెండు తావుల మీద ఏకంగా కూర్చుంది. అన్నీ దొరికాయి. పేజీలు సరిచేసేసరికి ఖమ్మం వచ్చింది. ఆ తాడుతో కడితే మళ్ళీ ఊడుతుంది. ఎర్ర దారం ఉంది గానీ, నా సూది హాస్టల్లో దిండు కింద మరిచిపోయాను. ఉన్నది ఒక్కటే సూది.

గలేబు ఒడిలో పరుచుకుని, చిలుక రెక్క దగ్గర గుచ్చిన సూదిని తీశాను. ఇన్ని నెలలకు కాస్త తుప్పు పట్టి, లాగితే గానీ రాలేదు. నేను మధ్యకు మడిచిన పెద్ద తావుల మీద రాసేదాన్ని. నాలుగు తావులు ఒకదానిలో ఒకటి పెట్టి, మడతలో మూడు చోట్ల సూది దింపి, దారం లాగి ముడి వేశాను. తర్వాత ఇంకో నాలుగు. చేతులు ఆ పని ఎక్కడ నేర్చుకున్నాయో మొదట నాకే గుర్తు రాలేదు.

"ఏం కుడుతున్నవు బిడ్డా?" అంది ముసలవ్వ.

"పుస్తకమవ్వా."

"పుస్తకాలు ఆడోళ్ళు సుత కుడతరా?"

ఆమె అలా అన్న తర్వాతే నా చేయి ఆగింది. ఏలూరు రోడ్డులో నేల మీద కూర్చున్న ముగ్గురు, కమాన్ దగ్గర చేతులెత్తేసిన యాదగిరి, గలేబుల మీద రెండు గంటలు వంగి కూర్చునే నా ముప్పై మంది, అందరూ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చారు. నేనెంత తెలివితక్కువదాన్నో అప్పుడు తెలిసింది. కుట్టేవాళ్ళు లేరని బెజవాడ దాకా పరుగెత్తాను. సూది పట్టడం నేర్పి జీతం తీసుకునేది నేనే కదా. రైలు పెట్టెలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఎదుటామె పక్కకు జరిగింది.

"ఇగ కుడతరవ్వా," అన్నాను.

ఖమ్మం దగ్గర మొదలుపెట్టిన కుట్టు మహబూబాబాదు దాటాక పూర్తయింది. మధ్యలో డోర్నకల్లులో టీ తాగాను. నా చేతికే ఇంతసేపు పడితే శకుంతలకు ఇందులో సగం చాలు. రెండింటికి కాజీపేట, ఈసారి పూరీల జోలికి పోకుండా అరటిపళ్ళు కొన్నాను. మిగతా దారంతా కుట్టిన పుస్తకాన్ని తెరవడం, మూయడం, అదే పని.

తర్వాతి సంగతులు తెలుసుకోవాలనుకునేవాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. ఆ నవల తొలి ప్రతులు యాదగిరి దగ్గర మిగిలిన పెళ్ళి కార్డుల కాగితం మీద వచ్చాయి, కొన్ని పేజీలు పసుపు, కొన్ని గులాబీ. హెడ్మిస్ట్రెస్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "అచ్చే," అని ఒప్పుకుంది. ఏ పిల్ల కుట్టిన పుస్తకం ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్ళింది. నేను ఆ తర్వాత ఇంకో తొమ్మిది నవలలు రాశాను, అన్నీ ఆ వయసు వాళ్ళకే. వాటిలో మూడోదాన్ని బెజవాడ పంతులు గారే అడిగి తీసుకుని, ఒక్క పేజీ తీయకుండా వేశారు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాను కదా. ఖైరున్నీసా మాత్రం మళ్ళీ కనిపించలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకు సికింద్రాబాదులో దిగాను. ఇంటికి వెళ్ళలేదు. అమ్మ ఎదురు చూస్తూ ఉంటుందని తెలిసీ నేరుగా కమాన్ దగ్గరకు నడిచాను. యాదగిరి ప్రెస్సు మూయబోతూ చేతులు కడుక్కుంటున్నాడు. కుట్టిన రాతప్రతి బల్ల మీద పెట్టాను. తడి చేతులు ధోవతికి తుడుచుకుని, తీసి, కుట్టు లాగి చూశాడు. తెగలేదు.

"ఎవ్వరు కుట్టిన్రు?"

"నేనే. ఇంక ముప్పై మంది ఉన్నరు."

అతను పేజీలు తిప్పాడు. ఎర్ర దారాలున్న చోట ఆగి నా మొహం చూశాడు.

"ఇందులకెల్లి ఏమన్న తీసెయ్యాల్నా టీచరమ్మా?"

"ఒక్క అక్షరం తియ్యొద్దు."

"అయితే పొద్దుగాల్నే రా. షురూ చేద్దాం," అని యాదగిరి మూయబోయిన తలుపు మళ్ళీ తెరిచి, పుస్తకాన్ని లోపల పెట్టి వచ్చాడు.